బొగ్గుపులుసు లెక్కలో మా అమ్మ పొయ్యి

ఆ మధ్య మా పట్నంలో పర్యావరణం మీద ఒక సభ పెట్టారు. రిటైరైన ఫిజిక్సు మేష్టారిని కదా, నన్నూ పిలిచారు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మొదటి వక్త లేచి, "మన పూర్వీకులు ప్రకృతిని తల్లిలా కొలిచారు. అందుకే ఈనాటికీ తలసరి కర్బన ఉద్గారాల్లో మనం ప్రపంచ సగటులో సగానికి కూడా చేరలేదు. ఇదీ మన సంస్కృతి గొప్పతనం" అన్నాడు. చప్పట్లు మోగాయి. తర్వాతాయన మైకు అందుకుని, "అసలు సంగతి ఎవరూ చెప్పరు. ఉద్గారాల్లో ప్రపంచంలో మనది మూడో స్థానం. దీనికంతటికీ మూలం జనాభా. కనడం ఆపితే తప్ప ఈ దేశం బాగుపడదు" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. అవే చేతులు!

నాకు నవ్వొచ్చింది గానీ ఇంటికొచ్చాక కుదురుగా ఉండలేకపోయాను. ఎందుకంటే ఇద్దరూ చెప్పిన అంకెలు నిజమే. బొగ్గు, చమురు, గ్యాసు తగలేయడం వల్లా, సిమెంటు తయారీ వల్లా 2023లో మన దేశం గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడు 300 కోట్ల టన్నులు దాటింది. చైనా, అమెరికాల తర్వాత మనమే. దాన్ని 143 కోట్ల మందికి పంచితే మనిషికి 2 టన్నుల పైచిలుకు. ప్రపంచ సగటు 4.7 టన్నులు. అమెరికావాడి వాటా 14 దాకా ఉంటుంది. అంకెల్లో తప్పు లేదు. వాటికి తగిలించిన కారణాల సంగతే చూడాలి.

ముందు జనాభా మాట తేల్చేద్దాం, అది చిన్న గుణకారం. 1951 జనాభా లెక్కల్లో మనం 36 కోట్లం. ఆ రోజుల్లో దేశం వదిలిన కార్బన్ డయాక్సైడు ఏడాదికి సుమారు 6 కోట్ల టన్నులు. జనాభా ఇప్పటికి నాలుగు రెట్లయింది. ఉద్గారాలు యాభై రెట్లయ్యాయి. అంటే మనుషులు పెరగడం వల్ల వచ్చింది నాలుగు రెట్లు, ఒక్కో మనిషి వాడకం పెరగడం వల్ల వచ్చింది పన్నెండు రెట్ల పైన. రెండూ గుణిస్తే యాభై. రెండో వక్తగారు ఇందులో చిన్న అంకెను పట్టుకుని పెద్దదాన్ని వదిలేశారు.

ఇక మొదటాయన మాట. 1950 ప్రాంతంలో సగటు భారతీయుడి వాటా ఏడాదికి దాదాపు 170 కిలోలు. అంటే ఇప్పటి మన వాటాలో పన్నెండో వంతు. ఆయన తర్కం ప్రకారం అయితే అప్పటి మన సంస్కృతి పన్నెండు రెట్లు గొప్పదై ఉండాలి. అలా ఎందుకు ఉండిందో చూడాలంటే కాస్త చరిత్ర తవ్వాలి. తవ్వడం అంటే ఇక్కడ నిజంగా తవ్వడమే.

మా చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో కార్బన్ డయాక్సైడు అని ఉండేది కాదు, బొగ్గుపులుసు వాయువు అని ఉండేది. మన దేశానికి ఆ పేరే సరిగ్గా సరిపోతుంది. మన ఉద్గారాల కథలో చాలా భాగం బొగ్గు కథే.

మాది ఖమ్మం వైపు. మా ప్రాంతంలో ఒక కథ చెబుతారు. ఇల్లెందు నుంచి భద్రాచలం యాత్రకు బయలుదేరిన భక్తుడొకడు దారిలో నల్లరాళ్ళు మూడు పేర్చి పొయ్యి పెట్టుకుంటే, కట్టెలతో పాటు రాళ్ళూ అంటుకున్నాయట. రాముడి మహిమ అనుకుని ఉంటే అక్కడితో సరిపోయేది. 1871లో భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర ఆ రాళ్ళను పరీక్షించి బొగ్గు అని తేల్చాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు సంపాదించింది. ఇంగ్లండులో రిజిస్టరైన కంపెనీ అది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. 1945లో నిజాం ఎక్కువ వాటాలు కొన్నాడు.

దేశం మొత్తం మీద చూస్తే బొగ్గు తవ్వకం అంతకు వందేళ్ళ ముందే మొదలైంది. 1774లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు సమ్నర్, హీట్లీ అనే ఇద్దరు దామోదర్ నది ఒడ్డున రాణిగంజ్‌లో తవ్వడం మొదలుపెట్టారు. కానీ చాలా ఏళ్ళ పాటు అది సాగలేదు. బొగ్గుంది గానీ కొనేవాడు లేడు, చేరవేసే దారీ లేదు. దామోదర్‌లో వానాకాలం నీళ్ళున్నప్పుడే పడవలు నడిచేవి. 1836లో రాణిగంజ్ గనిని కొన్నది ద్వారకానాథ్ టాగూర్ భాగస్వామిగా ఉన్న కంపెనీ. విశ్వకవి తాతగారే ఆయన. శాంతినికేతన్ కవి వంశానికి బొగ్గు మసి ఉందని చెబితే కొందరికి కోపం వస్తుంది గానీ చరిత్ర అది. 1855లో హౌరా నుంచి రాణిగంజ్‌కు రైలు పడింది. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గుకు రైలు కావాలి. ఇక అక్కడి నుంచి రెండూ కలిసి పెరిగాయి. 1900 నాటికి ఏటా 61 లక్షల టన్నులు, 1920కి ఒక కోటీ 80 లక్షలు, 1946కి 3 కోట్ల టన్నులు.

ఈ బొగ్గంతా ఎవరి కోసం తగలబడింది? రైళ్ళకి, కలకత్తా జనపనార మిల్లులకి, బొంబాయి బట్టల మిల్లులకి, ఓడలకి, జంషెడ్‌పూర్ ఉక్కుకి. ఊళ్ళో మనిషికి దాని వెలుగు సోకలేదు. 1947లో దేశం మొత్తం విద్యుత్ సామర్థ్యం 1,362 మెగావాట్లు. ఇప్పుడు ఒక్క రామగుండం దగ్గరే దానికి రెట్టింపు కంటే ఎక్కువ ఉంది. తలసరి వాడకం ఏడాదికి 16 యూనిట్లు, అంటే నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా లేదు. కరెంటున్న పల్లెలు దేశంలో 1,500. ఆ 170 కిలోల వెనకున్న పరిస్థితి ఇది. నదికి దణ్ణం పెట్టినందువల్ల తక్కువ కాలేదు. స్విచ్చి లేక తక్కువైంది.

నా సొంత సంగతి చెబుతాను. మా మేనమామ కొత్తగూడెంలో భూగర్భ గనిలో పనిచేసేవాడు. 1971లో నేను ఆరో తరగతి చదివేటప్పుడు సెలవులకి వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. షిఫ్టు దిగి వచ్చిన మామయ్య కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు ఉండేది, ఎంత తోముకున్నా పోయేది కాదు. "ఏం అల్లుడూ, బల్బు ఎప్పుడూ చూళ్ళేదా, అట్టా చూస్తావేం?" అని నవ్వేవాడు. నిజంగానే చూసేవాణ్ణి. మా ఊళ్ళో అప్పటికి కరెంటు లేదు. 1966లోనే పాల్వంచ దగ్గర థర్మల్ కేంద్రం మొదలైంది. పెద్ద పెద్ద ఇనుప స్తంభాల మీద తీగలు మా చేలమీదుగా పోయేవి. వాటికింద పత్తి ఏరుకుని, రాత్రికి కిరసనాయిలు బుడ్డి దగ్గర ఎక్కాలు చదువుకున్నాం. 1978లో వచ్చింది కరెంటు, అదీ ఊరికి. మా ఇంటికి ఇంకో రెండేళ్ళకి.

అమ్మ పొయ్యి సంగతి ఇంకోటి. కట్టెలు దొరికితే కట్టెలు, లేకపోతే పిడకలు, కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె. మిరపకట్టె పొగ ఎరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అమ్మ ఊదుగొట్టంతో ఊది, దగ్గి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఊదేది. అలా రోజుకు నాలుగైదు గంటలు, నలభై ఏళ్ళు. ఆ పొయ్యిలోంచి వచ్చిన బొగ్గుపులుసు వాయువు నేను పైన చెప్పిన 6 కోట్ల టన్నుల్లో ఉందా? లేదు. అంతర్జాతీయ పద్ధతిలో దేశం ఉద్గారాల మొత్తంలో కట్టెల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడును కలపరు. విడిగా రాసి పక్కన పెడతారు. చెట్టు మళ్ళీ పెరుగుతుంది, వదిలినదాన్ని మళ్ళీ పీల్చుకుంటుంది అని. చెట్టు నిజంగా మళ్ళీ పెరిగిన చోట వాతావరణం దృష్ట్యా ఆ పద్ధతి సబబే, నేను కాదనను. కానీ 1960ల్లో మన దేశం వాడిన శక్తిలో సగానికి పైగా కట్టెలు, పిడకలు, చొప్పకట్టెలే. అంటే దేశంలో ఎక్కువ మంది వాడిన మంట ఈ మొత్తంలో లేనే లేదు. ఆ లెక్క చూపించి, "చూడండి మనమెంత శుభ్రంగా బతికామో" అని వేదిక మీద చెప్పేశారు.

ఆ పొగ ఎంత శుభ్రమో కొలిచినవాళ్ళున్నారు. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఇక్కడి వాళ్ళతో కలిసి, గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ళకే కొలిచే పరికరాలు తగిలించి చూశాడు. కాలుష్యం అంటే ఫ్యాక్టరీ పొగగొట్టం, నగరం అనుకునే రోజులవి. పల్లెటూరి వంటింట్లో ఆడమనిషి పీల్చే గాలి నగరం గాలి కంటే ఎన్నో రెట్లు చెడ్డదని తేలింది. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు కలిసి చేసిన అధ్యయనం ప్రకారం 2017లో కూడా ఇంటి పొగ వల్ల దేశంలో 4 లక్షల 80 వేల మంది చనిపోయారు. మన సంస్కృతిని పొగిడే వక్తలెవరూ పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళు కాదు. ఇది నేను కోపంతోనే రాస్తున్నాను.

సరే, స్వాతంత్ర్యం వచ్చాక బొగ్గు ఇంతగా ఎందుకు పెరిగింది? అది తప్పనిసరి అయిన దారి కాదు. మొదట్లో మనం నీళ్ళనే నమ్ముకున్నాం. భాక్రా, హీరాకుడ్, నాగార్జున సాగర్ రోజులవి. 1966లో స్థాపిత సామర్థ్యం 9 వేల మెగావాట్లయితే అందులో 4 వేలకు పైగా జలవిద్యుత్తే. కానీ 1965, 1966 వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఆనకట్టల్ని ఆధునిక దేవాలయాలన్నారు గానీ, గర్భగుడిలో నీళ్ళు లేకపోతే టర్బైను తిరగదు. అణువిద్యుత్తు ఇంకో ఆశ. 1980 నాటికి 8,000 మెగావాట్లు అని హోమీ భాభా కాలంలో అంచనా వేశారు. 1980 వచ్చేసరికి తారాపూర్, రాజస్థాన్ కలిపి ఉన్నది 640. జ్యోతిష్కుడు తప్పితే మనం ఎగతాళి చేస్తాం, శాస్త్రవేత్త తప్పితే మర్చిపోతాం. రెండింటినీ ఒకే పుస్తకంలో రాసి పెట్టుకోవాలని నా వాదన. ఈలోగా 1973 చివర్లో చమురు దేశాలు ధర పెంచాయి. పీపా 3 డాలర్లున్నది నెలల్లో 12 డాలర్లకు చేరువైంది. 1974లో ఇంధన విధాన సంఘం నివేదిక బొగ్గే దేశానికి ప్రధాన ఇంధనం కావాలంది.

అప్పటికి గనులు జాతీయం అవుతున్నాయి. కోకింగ్ బొగ్గు 1971-72లో, మిగతాది 1973లో. 1975లో కోల్ ఇండియా ఏర్పడింది, అదే ఏడు ఎన్‌టీపీసీ కూడా. ఆ ఏడాది చివర, డిసెంబరు 27న, ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్ళు తోసుకొచ్చి 375 మంది చనిపోయారు. మా మామయ్య ఆ వార్త రేడియోలో విని రెండు రోజులు అన్నం సరిగా తినలేదని అత్తయ్య చెప్పేది. బొగ్గు లెక్కలు రాసేటప్పుడు టన్నుల పక్కన ఇదీ రాయాలి.

ఇంకో చిక్కు మన బొగ్గులోనే ఉంది. గోండ్వానా కాలపు బొగ్గు మనది. కొట్టుకొచ్చిన ఆకులు, మట్టి కలగలిసి పేరుకున్నది. అందుకే బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. దానితో అదే యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు మోయాలి. వెయ్యి కిలోమీటర్లు రైల్లో మోసుకెళ్ళే సరుకులో మూడో వంతు బూడిదన్నమాట. దూరపు కేంద్రాలకి బూడిద 34 శాతం మించకూడదని 1997లో ఒక నిబంధన తెచ్చారు. 2020 మే నెలలో దాన్ని ఎత్తేశారు.

అయినా 2000 దాకా మన పెరుగుదల నెమ్మదే. ఆ ఏడాదికి ఉద్గారాలు 100 కోట్ల టన్నులకు చేరువయ్యాయి. యాభై ఏళ్ళలో పెరిగినది 90 కోట్ల చిల్లర. తర్వాతి ఇరవై మూడేళ్ళలో పెరిగింది 200 కోట్లు. 2007 మార్చి నుంచి 2017 మార్చి దాకా పదేళ్ళలో బొగ్గు విద్యుత్ సామర్థ్యం 71 వేల మెగావాట్ల నుంచి 1 లక్షా 92 వేలకు పోయింది. ఆ పరుగులో మన శ్రీకాకుళం కూడా చిక్కుకుంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం కడతామన్నారు. కాగితాల మీద బీడు, నిజానికి నీళ్ళు నిలిచే చిత్తడి నేల. చేపలు, పంటలు, పశువుల మేత అన్నీ దానిమీదే. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ వెంటనే ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ కొట్టేసింది. ఒకటి రెండు రోజులు ముందు కొట్టేసి ఉంటే అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ తలసరి అంకె దగ్గరికి వస్తాను, దానికీ ఒక చరిత్ర ఉంది. 1972లో స్టాక్‌హోంలో పర్యావరణ సభకి ఇందిరాగాంధీ వెళ్ళింది. "పేదరికమే అతి పెద్ద కాలుష్యం" అని ఆమె అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రసంగం తీసి చూస్తే అది ఒక ప్రశ్న. పేదరికం, అవసరం తీరనిదే అడవి నరకొద్దని ఆదివాసికి ఎలా చెబుతాం అన్న వాదనలో భాగం. ప్రశ్నను తీర్మానం చేసేశారు. కర్బన లెక్కలో చూస్తే ఆ తీర్మానం తలకిందులవుతుంది కూడా. పేదవాడు వదిలేది అందరికంటే తక్కువ.

దానికంటే మంచి ఉదంతం 1990 నాటిది. వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ దేశాల వారీగా భూతాపానికి కారకుల జాబితా వేసి, మన దేశాన్ని ఐదో స్థానంలో పెట్టింది. ఎలా? బొగ్గు లెక్క ఒక్కటే అయితే అంత పైకి రాం. వరి పొలాల మీథేన్ కలిపారు, పశువుల మీథేన్ కలిపారు. ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో దీనిమీద ఒక చిన్న పుస్తకం రాశారు. వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంది. పూట గడవడానికి వరి పండించేవాడి మీథేనూ, షికారుకు కారు నడిపేవాడి పొగా ఒకటేనా? ఇంకో తిరకాసు కూడా బయటపెట్టారు. సముద్రాలు, అడవులు ఏటా కొంత పీల్చుకుంటాయి కదా. ఆ పీల్చుకునే శక్తిని ఆ సంస్థ వదిలినదాన్ని బట్టి దేశాలకు పంచింది. అంటే ఎక్కువ వదిలినవాడికి ఎక్కువ మాఫీ! మనుషుల్ని బట్టి పంచండి, అప్పుడు చూద్దాం అన్నారు వీళ్ళు. పంచితే వరస మారిపోయింది.

అది న్యాయం మాట. నాకు ఇంకా నచ్చింది కొలత మాట. అమెరికా పర్యావరణ సంస్థ అప్పట్లో వేసిన అంచనా ప్రకారం భారతదేశపు వరి పొలాలు ఏటా దాదాపు 3 కోట్ల 80 లక్షల టన్నుల మీథేన్ వదిలేవి. ఆ అంకె ఎక్కడిది? ఐరోపా, అమెరికా పొలాల్లో కొలిచినదాన్ని మన విస్తీర్ణంతో హెచ్చవేశారు. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఏ.పి. మిత్రా అనే పెద్దాయన ఉండేవాడు. ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు, వ్యాసాలతో సరిపెట్టలేదు. 1991లో దేశంలోని వరి ప్రాంతాలన్నిటా పొలాల్లో పెట్టెలు బోర్లించి, వాయువు పట్టి కొలిపించాడు. వచ్చింది సుమారు 40 లక్షల టన్నులు. తొమ్మిదో వంతు! మన నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ. పొలాల్లో చాలా భాగం వానాధారం, మధ్యలో ఆరిపోతాయి. నిత్యం నీళ్ళలో నానే పొలంలా మీథేన్ రాదు. మా ఊరి రైతు ఎవరినడిగినా మధ్యలో పొలం ఆరుతుందని చెప్పేవాడే, అడిగితే కదా. శాస్త్రం పేరుతో వచ్చిన తప్పును శాస్త్రంతోనే దిద్దిన సంగతి ఇది. పిల్లలకు పాఠంగా పెట్టాలని నేను చాలామందితో అన్నాను.

మరి ఆ న్యాయం మాట దేశం లోపల ఏమైంది? తలసరి వాదన మన ప్రభుత్వాలకు బాగా అచ్చొచ్చింది. 2007లో జర్మనీలో హైలిగెండామ్ సమావేశంలో మన్మోహన్ సింగ్, మా తలసరి ఎప్పటికీ సంపన్న దేశాల తలసరిని దాటదు అని మాటిచ్చాడు. వినడానికి బాగుంది. అదే ఏడు గ్రీన్‌పీస్ ఇండియా వాళ్ళు ఇళ్ళ మీద సర్వే చేసి, పేదల వెనక దాక్కుంటున్నారు అనే అర్థం వచ్చే పేరుతో నివేదిక వేశారు. నెలకు 30 వేలు దాటిన ఆదాయం ఉన్న వర్గం మనిషికి ఏటా 1,494 కిలోలు, 3 వేల లోపు వాళ్ళది 335 కిలోలు. నాలుగున్నర రెట్లు. అంతర్జాతీయ వేదిక మీద అగర్వాల్, నారాయణ్ అడిగిన ప్రశ్నే ఇంట్లో అడిగితే మనవాళ్ళకు నచ్చలేదు. పైన సభలో చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎక్కువ మంది కార్లలో వచ్చినవాళ్ళే. ఆ తక్కువ తలసరి వాళ్ళది కాదు, వాళ్ళింట్లో పాచిపని చేసే ఆవిడది. ఆమె వాటా చూపించి వీళ్ళు గర్వపడ్డారు.

ఈమధ్య అంకెలు కూడా ఇదే జాగ్రత్తతో చదవాలి. జీడీపీలో రూపాయికి ఎంత పొగ అనే తీవ్రత లెక్క ఒకటుంది. 2005 నుంచి 2020కి అది 36 శాతం తగ్గింది. నిజమే, మంచిదే. కానీ అదే కాలంలో మొత్తం పొగ రెట్టింపు దాటింది. 2025 జూన్‌కి మన విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కానిదే అయింది. 2030కి అనుకున్నది ఐదేళ్ళు ముందే సాధించాం. ఇదీ నిజమే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సూర్యుడు రాత్రి డ్యూటీ చేయడు. 2023-24లో తయారైన కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. 2024-25లో బొగ్గు ఉత్పత్తి 104 కోట్ల టన్నులు దాటింది. మా రామగుండంలోనే చూడండి. 2022లో జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర పలకలు పూర్తయ్యాయి, ఫొటోలు అందరూ చూశారు. అక్కడే 2023, 2024లలో 1,600 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్లు మొదలయ్యాయి. వాటి ఫొటో నాకెవరూ వాట్సాప్ చేయలేదు.

బొగ్గు వద్దనేంత ధైర్యం నాకు లేదు. 1978 నాటి ఆ బల్బు కింద చదివే నేను ఫిజిక్సు నేర్చుకున్నాను, అది బొగ్గు బల్బే. ఇప్పటికి వాతావరణంలో పోగుపడినదానిలో అమెరికా వాటా నాలుగో వంతు దాకా ఉంటే మనది నాలుగు శాతానికి లోపే. ఆ బాకీ ఎవరిదో స్పష్టమే. కానీ ఎండలకు, అకాల వానలకు బాకీదారుల పేర్లు తెలియవు. మా జిల్లాలో మే నెలలో ఎండదెబ్బకు పడిపోయేది ఉపాధి పనికి పోయేవాళ్ళే.

ఇదంతా రాసేటప్పుడు నా కరెంటు బిల్లు కూడా తీశాను. పోయిన మే నెలకి 410 యూనిట్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 700 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడు పడుతుంది. అంటే 290 కిలోలు. ఇంట్లో నేనూ మా ఆవిడా ఇద్దరమే. తలకు 145 కిలోలు, ఒక్క నెలకి, ఒక్క కరెంటుకే. 1950లో సగటు భారతీయుడికి ఏడాది పొడుగునా పట్టింది 170. బిల్లు చూపిస్తే మా ఆవిడ, "ఏసీ కొందామన్నది ఎవరు?" అంది. నేనే.

అమ్మ ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఎనభై దాటాయి, ఒక కంటికి చూపు సరిగా లేదు. ఇంట్లో గ్యాసుంది. అయినా స్నానాల నీళ్ళకి, పప్పు ఉడకడానికి పెరట్లో పొయ్యి ఇంకా వెలుగుతోంది. ఏడాదికి సిలిండర్లు ఎన్ని అవుతాయిరా అంటే తమ్ముడు నాలుగన్నాడు. ఉజ్వల పథకం కింద కనెక్షన్ తీసుకున్న ఇళ్ళ సగటు కూడా 2023-24లో నాలుగుకి లోపే ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని, "అమ్మా, ప్రపంచం లెక్కల్లో నీ పొయ్యి లేదే, నీ పొగ ఎవరూ రాసుకోలేదు" అన్నాను.

"రాసుకుంటే దీనిక్కూడా బిల్లు పంపుతారు, ఊరుకో నాయనా" అంది. "ఆ ఊదుగొట్టం ఇటియ్యి."